ఈశాన్యం తెగిన ఫొటో

సెలీనా ఎన్నో ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తోంది. ఒక్క పెళ్లిలోనూ ఆమెది మొదటి కెమెరా కాదు. మొదటి కెమెరా అక్క భర్త జాషువాది. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం అతనిది, తాళి ముడి అతనిది, తలంబ్రాలు అతనివి. సెలీనాకి మిగిలేవి అక్షింతలు విసిరే చేతులు, వంటల దగ్గర ఆవిరి, ఓ పక్కన కూర్చుని కళ్లు ఒత్తుకునే మేనత్తలు. ఆల్బం తిరగేసేవాళ్లు ఆమె తీసిన పేజీల దగ్గరికి వచ్చేసరికి కాఫీ వస్తుంది, పుస్తకం మూసేస్తారు. "ఒకే ఇంటి పని, నీది నాది అని ఏముందమ్మా" అని చర్చిలో పెద్దలు అంటూంటారు. ఆ మాట ఎప్పుడూ 'నాది' ఉన్నవాడి వైపు నుంచే వస్తుంది. లేనివాళ్లు అనగా ఎవరూ విని ఉండరు.

అందుకే ఒక రిసెప్షన్‌లో మొగిలి ఆమె పక్కకి వచ్చి నిలబడి, "మేడం, ఇంటి లోపట గుండ్రంగ తిరిగే ఫొటో తీస్తరా మీరు?" అని అడిగినప్పుడు ఆలోచించకుండా తీస్తానండి అనేసింది. మొగిలి పుప్పాలగూడలో మూడు టవర్లు కడుతున్న ఒక కంపెనీకి సేల్స్ మేనేజరు. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు. కొండాపూర్‌లో తనూ తల్లీ ఉంటున్న అద్దె ఇంట్లో, ఆదివారం ఆరాధన అయిపోయాక ఖాళీ చర్చి హాల్లో, చాలాసార్లు తీసింది. ఎవరి కోసమూ తీయలేదు, అంతే.

గుండ్రంగా తిరిగే ఫొటో అంటే పనోరమా. ఫోన్‌లో వేలితో పక్కకి తోస్తే గది చుట్టూ తిరుగుతుంది. పైకి తోస్తే ఫ్యాను, కిందికి తోస్తే గచ్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు క్యాబు ఎక్కిన మనిషి కొండాపూర్ చేరేలోపు, ఆ ట్రాఫిక్ పుణ్యమా అని, సీట్లోంచి కదలకుండా నాలుగు ఫ్లాట్లు చూసి మూడింటిని తిరస్కరించగలడు. ఇప్పుడు ఇళ్లు అమ్ముడుపోతున్నది ఇలాగే. ముందు వేలు తిరగాలి, తరవాతే కాలు కదులుతుంది.

మొగిలి పెట్టిన షరతు సూటిగానే ఉంది. ముందు మోడల్ ఫ్లాట్ తీయాలి. అది నచ్చితే మూడు టవర్లలో ఉన్న అన్ని రకాల ఫ్లాట్లూ, క్లబ్ హౌసూ, లాబీలూ ఆమెవే. నచ్చకపోతే "గా ఉండ లెక్కుండే కెమెరా ఉంటది కద, కర్రకు గుచ్చి నడుమల నిలబెడ్తరు. దాంతోని మా ఆఫీసోళ్లే తీసుకుంటరు." మాఘమాసం పెళ్లి ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. వస్తున్నావా లేదా అని జాషువా అప్పటికే రెండుసార్లు అడిగాడు. ఈ పని దొరికితే రానని చెప్పాలి. దొరక్కపోతే మళ్లీ మేనత్తల కన్నీళ్లు.

పనోరమా తీయడానికి చేప కన్ను లెన్సు కావాలి. ఎదురుగా ఉన్నదాన్నే కాకుండా చెవుల పక్కన ఉన్నదాన్ని కూడా చూసేస్తుంది కాబట్టి దానికా పేరు. కెమెరాని స్టాండు మీద పెట్టి, ఒకే బిందువు మీద తిప్పుతూ కొన్ని ఫొటోలు తీసి, కంప్యూటర్లో వాటిని అంచులు కలిపి కుట్టాలి. ఎన్ని ఫొటోలు తీస్తే అన్ని కుట్లు. ఎన్ని కుట్లు ఉంటే అన్నిచోట్ల తప్పు దొరికే అవకాశం.

కొండాపూర్‌లో కెమెరాలు కిరాయికి ఇచ్చే రాకేష్ గాజు బల్ల మీద మూడు లెన్సులు పెట్టాడు. ఒకటి గుండ్రటి బొమ్మ ఇచ్చే బుల్లి చేప కన్ను. మూడు ఫొటోలతో గది మొత్తం అయిపోతుంది, కాని బొమ్మ అంచుల్లో కాస్త మసక. రెండోది ఫ్రేము నిండా బొమ్మ పరిచే చేప కన్ను. చుట్టూ ఆరు తీయాలి, పైకి ఒకటి, కిందికి ఒకటి. అయితే కొసల దాకా అద్దం కడిగినట్టు ఉంటుంది. మూడోది చేప కన్నే కాదు. గీతను గీతలాగే చూపించే వెడల్పాటి లెన్సు. దానితో ఒక గది తీయాలంటే కెమెరా ఎన్నిసార్లు తిప్పాలో లెక్క మర్చిపోతాం.

"మోడల్ ఫ్లాట్ల మనుషులు తిరుగుతుంటరు అక్కా," అన్నాడు రాకేష్. "జల్ది అయ్యేది తీస్కో. చిన్నది."

ఆ సలహాలో తప్పేమీ లేదు. సెలీనా బుల్లిదాన్ని తీసుకుని, ఇంటికెళ్లి తల్లి మీద ప్రయోగించింది. సువార్తమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. కదలకుండా కూర్చోమని జీవితమంతా ఇతరులకి చెప్పింది గానీ తను కూర్చున్న పాపాన పోలేదు.

"కదలకమ్మా. మూడే ఫొటోలు."

"కదల్లేదే. పప్పు మాడుతుంటే పొయ్యి కట్టేసొచ్చా, అంతేగా."

కుట్టిన ఫొటోలో ఇద్దరు సువార్తమ్మలు వచ్చారు. ఒకావిడ కుర్చీలో నిటారుగా ఉంది, రెండో ఆవిడ సగం చెయ్యి లేకుండా వంటింట్లోకి వెళుతోంది.

"ఇద్దర్ని తీశావేంటే? పోన్లే, ఒకళ్లు వండుతారు, ఇంకొకళ్లు కూర్చుంటారు. ఎప్పట్నుంచో అనుకుంటున్నా."

మోడల్ ఫ్లాట్‌లో అలాంటి ఇబ్బందేమీ రాలేదు. సెలీనా అందరినీ బయటికి పంపి, ఫ్యాను ఆపి, పరదాలు కదలకుండా కట్టి, తీసింది. కుట్లు ఎక్కడున్నాయో తనకే వెతుక్కోవలసి వచ్చింది. అంత బాగా వచ్చింది.

తప్పు ఇంకోచోట జరిగింది. గుండ్రంగా ఉన్న ఫొటోని కంప్యూటర్లో దాచేటప్పుడు పట్టీలాగా పరవాలి. చేతి గాజుని పట్టీ చేయాలంటే ఎక్కడో ఒకచోట కోయాలి కదా, అలాగే. కోసిన చోటు పట్టీకి ఆ చివర సగం, ఈ చివర సగం పడుతుంది. ఫోన్‌లో తిప్పి చూసేటప్పుడు రెండు చివరలూ మళ్లీ అతుక్కుపోతాయి, కోత జాడ కూడా ఉండదు. కోతకి ఏ చోటు మంచిదని సెలీనా హాలంతా చూసింది. ఒక పక్క సోఫా, ఒక పక్క టీవీ, మరో పక్క డైనింగ్ బల్ల. ఒకే ఒక్క మూల శుభ్రంగా, ఖాళీగా, ఓ పూలకుండీ కూడా లేకుండా కనిపించింది. అక్కడ కోసింది.

ఆ మూల ఖాళీగా ఎందుకుందో ఆమెకి తోచలేదు. తోచవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఏ ముహూర్తానికి ఏ చెయ్యి ఎటు కదులుతుందో పురోహితుడి కంటే ముందు చెప్పగల మనిషి ఆమె. కాని ఇంటికి మూలలుంటాయనీ, వాటికి దొరలున్నారనీ ఎవరూ చెప్పలేదు. డెకరేటరు ఈశాన్యం కాబట్టి ఖాళీగా వదిలాడు. సెలీనా ఖాళీగా ఉంది కాబట్టి కోసింది.

అయినా ఏ గొడవా లేకుండా పోయేదే, మొగిలికి లింకు పంపే ఓపిక ఉండుంటే. లింకు తెరుచుకోవడం లేటవుతుందని అతను పరిచిన పట్టీ ఫొటోనే కొనబోయేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేశాడు. పరిచిన ఫొటోలో దూలాలు విల్లులా వంగుతాయి, గోడలు పొట్ట పెంచుకున్నట్టు ఉంటాయి. అది ఒక ఎత్తు. ఎడమ చివర సగం మూల, కుడి చివర సగం మూల. అది ఇంకో ఎత్తు. గ్రూపులో ఉన్న రవికిరణ్ అనే కుర్రాడు, కంప్యూటర్లకి మనిషిలాగా ఆలోచించడం నేర్పే ఉద్యోగం చేసేవాడు, ఆ ఫొటోని ముందూ వెనకా చూడకుండా తన వాస్తు సిద్ధాంతికి పంపాడు. సాయంత్రానికి అది రెండు ఎర్ర సున్నాలతో తిరిగొచ్చింది. సున్నాల కింద ఒక ముక్క: "ఈశాన్యం తెగినది."

మర్నాడు సేల్స్ ఆఫీసులో మొగిలి ముఖం చూడాల్సిందే.

"ఏంది మేడం, గిట్ల జేసిన్రు? గ్రూపుల అందరు పరేషాన్ అయితున్నరు. ఒకాయనైతే బుకింగ్ ఆపుకున్నడు."

సెలీనా గాజు సంగతి చెప్పింది. చేతికున్న గాజు తీసి చూపించి మరీ చెప్పింది. మొగిలి శ్రద్ధగా విన్నాడు.

"నాకు సమజైంది మేడం. గ్రూపుల వందమంది ఉన్నరు. అందరికి గాజు చూపిస్తరా?"

"లింకు పంపండి సార్. అందులో కోత ఉండదు."

"ఒక్కసారి తెగిందని చూసినోడు లింకు ఎందుకు తెరుస్తడు?"

ఆమె అక్కడే కూర్చుని ఫొటోని సగం తిప్పి మళ్లీ దాచింది. ఇప్పుడు ఈశాన్యం సరిగ్గా నడిమధ్యలో, పెళ్లికొడుకులాగా కూర్చుంది. మొగిలి సంతోషంగా గ్రూపులో పెట్టాడు. అయితే మధ్యలో ఒక మూల ఉంటే దాని ఎదుటి మూల చివర్లకి పోతుంది. అరగంటలో రవికిరణ్ నుంచి మళ్లీ ఎర్ర సున్నాలు వచ్చాయి. ఈసారి సోఫా రెండు ముక్కలై ఉంది. "నైరుతి తెగినది. యజమానికి మంచిది కాదు."

"ఈ దిక్కూ కాదు, ఆ దిక్కూ కాదు. మరి ఏ దిక్కున కొయ్యమంటారు సార్?" అంది సెలీనా. గొంతు పెరిగిందని తనకే తెలిసింది.

"అసలు కొయ్యకుంట తియ్యి మేడం. లెన్సుల దోషమేమో. గీ చేప కన్ను ఎందుకు? మనిషి కన్ను లెన్సు లేదా?"

అక్కడే లేచి వచ్చేయాల్సింది. లెన్సు తప్పు కాదని, ఏ లెన్సుతో తీసినా పరిచినప్పుడు వంగేవి వంగుతాయని, కోసేది కోయక తప్పదని ఆమెకి స్పష్టంగా తెలుసు. అయినా కాదంటే చేతకాక సాకులు చెబుతోందని అంటారు. పని తెలిసినవాళ్లు పని తెలియనివాళ్లు పెట్టే పరీక్ష రాయడమనేది ఈ ఊళ్లో, ఈ ఐటీ కారిడార్ పొడుగునా, రోజూ ప్రతి అంతస్తులోనూ జరుగుతున్నదే. దానికి 'కస్టమర్ ఫస్ట్' అని గోడ మీద రాసి, పక్కన పూలమొక్క పెడతారు.

సెలీనా రాకేష్ దగ్గరికి వెళ్లి చేప కన్ను కాని వెడల్పాటి లెన్సు అడిగింది.

"అది ఎందుకక్కా? పొద్దు గూకుతది దాంతోని."

"మనిషి కన్ను కావాలంట వాళ్లకి."

రాకేష్ నవ్వలేదు. అతని దగ్గరికి ఇంతకంటే విడ్డూరమైన కోరికలు వచ్చి ఉంటాయి.

పొద్దు నిజంగానే గూకింది. తీసిన కొద్దీ తీయాల్సినవి మిగిలాయి. మొదటి ఫొటోలో గచ్చు మీద ఉన్న ఎండ చివరి ఫొటో నాటికి సోఫా ఎక్కి కూర్చుంది. కట్టిన పరదా ఊడిపోయింది. లిఫ్టు పని చేసేవాళ్లు లోపలికి తొంగిచూసి, ఫొటో వద్దులే అనుకుని వెళ్లిపోయారు, వాళ్ల తలలు మాత్రం రెండు కుట్ల మధ్య ఉండిపోయాయి. ఇంటికొచ్చి కుట్టి, పరిచి చూస్తే అదే వంపు, అదే పొట్ట, అదే కోత. కొత్తగా వచ్చింది ఒక్కటే: గదిలో రెండు పొద్దులు.

"ఎక్కడో ఒకచోట కొయ్యక తప్పదని నేను చెప్పలేదా సార్?" అంది ఫోన్‌లో.

"చెప్పిన్రు," ఒప్పుకున్నాడు మొగిలి. "ఇగ సిద్ధాంతి సార్‌నే తీస్కొస్తున్న. ఆయనతోని మీరే మాట్లాడుకోరి."

ఆ సాయంత్రం సువార్తమ్మ అన్నం పెడుతూ, "అయినా మూల కోస్తే వాళ్లకి కోపం రాదేంటే?" అంది.

"నువ్వు కూడానా అమ్మా! మనకేంటి వాస్తు?"

"మనకేం లేదు. తూర్పు వాకిలి ఇల్లని చూసి తీసుకున్నామంతే. గాలొస్తుందని."

ఆ ఇంటి తూర్పు వాకిలి ఎదురుగా పక్క భవనం గోడ ఉంది. చేయి చాపితే తగులుతుంది. గాలికి ఆ సంగతి తెలుసు, సువార్తమ్మకి తెలియదు.

సిద్ధాంతి పేరు సీతారామాంజనేయులు. నార్సింగిలో కూతురి ఇంట్లో ఉంటున్నారు. తెనాలి వైపు మనిషి, ఇరిగేషన్ డిపార్టుమెంటులో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాక వాస్తు పట్టుకున్నారు. మోడల్ ఫ్లాట్‌కి ఇస్త్రీ చొక్కాతో, జేబులో దిక్సూచితో వచ్చారు. సెలీనా మనసులో ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఉంది. గాజు కూడా వదులుగా ఉన్నదే వేసుకొచ్చింది.

"నువ్వేనా అమ్మా ఈశాన్యం కోసింది?" అన్నారాయన నవ్వుతూ.

"నేను ఇల్లు కొయ్యలేదండి. గుండ్రటి ఫొటోని పరవాలంటే ఎక్కడో ఒకచోట..."

"తెలుసు తల్లీ. భూగోళాన్ని పటంగా పరిచేటప్పుడు కూడా కోస్తారు. సముద్రం మీద కోస్తారు, ఊళ్ల మీద కొయ్యరు. మా కాలవల డిపార్టుమెంటులో నేను చేసింది పటాల పనే."

సెలీనా గాజు తీయబోయి ఆగిపోయింది.

"తెలిసే ఎర్ర సున్నా పెట్టారా అండీ?"

"ఆ కుర్రాడు ఫొటో పంపి, ఈశాన్యం ఎలా ఉందని అడిగాడు. ఫొటోలో తెగి ఉంది, తెగింది అన్నాను. ఇంట్లో తెగిందని ఎక్కడన్నా రాశానా?"

"అందరూ అలాగే అనుకున్నారు కదండీ!"

"అనుకుంటారు మరి. ఇంట్లో తెగిందా అని అడిగి ఉంటే లేదనే చెప్పేవాణ్ణి."

తెలియనివాడితో తంటా లేదు. తెలియదు గనక చెప్పొచ్చు, విసుక్కోవచ్చు, కనీసం జాలిపడొచ్చు. అన్నీ తెలిసి, జేబులో దిక్సూచి పెట్టుకుని, మర్యాదగా నవ్వే మనిషిని ఏం చేయాలి? పెద్దవాళ్లని గౌరవించాలని బళ్లో చెబుతారు. ఇలాంటి పెద్దవాళ్ల గురించి వేరే పాఠం ఉండాలి. అది ఎవరూ రాయలేదు.

"అయితే ఇప్పుడు ఇంట్లో ఏ దోషం లేదని గ్రూపులో చెప్పండి," అంది సెలీనా.

"చెప్తే ఒక్కడూ నమ్మడమ్మా. దోషం ఉందంటే నమ్మినవాడు లేదంటే నమ్మడు. బిల్డరు నాకేదో ముట్టజెప్పాడంటాడు. పరిహారం చెప్తే నమ్ముతాడు."

"లేని దోషానికి పరిహారమా?"

"లేని దోషానికే సులువు తల్లీ. ఉన్నదానికి గోడలు పగలగొట్టాలి."

మొగిలి ముఖం అప్పుడే తేటపడింది. "చెప్పురి సార్. ఏం జేయాలె?"

సిద్ధాంతి గదిలో ఒకసారి తిరిగి, దిక్సూచి చూసి, ఉత్తరపు గోడ మీద, ఈశాన్యం మూలకి ఆనుకుని ఒక అద్దం పెట్టమన్నారు. మూల అద్దంలో రెట్టింపై కనిపిస్తే తెగింది పెరిగినట్టే లెక్కట. వెళుతూ వెళుతూ సెలీనాతో, "ఈసారి పరిచేటప్పుడు బాల్కనీ తలుపు దగ్గర కొయ్యమ్మా. అక్కడ ఎలాగూ గోడ లేదు. ఎవడూ ఏమీ అనడు," అన్నారు.

మంచి సలహా. అదే సలహా ఎర్ర సున్నాకి బదులు రాసి పంపుంటే ఈ వారమంతా మిగిలేది. సెలీనా థాంక్సండి అంది, పళ్లు బిగించి.

ఆమెకి అసలు సంగతి లిఫ్టులో తట్టింది. అద్దం!

పనోరమా తీసేవాళ్లకి అద్దం కంటే పెద్ద శత్రువు లేదు. మామూలు ఫొటోలో అద్దం ఉంటే పక్కకి జరిగి తీస్తారు. పనోరమాలో కెమెరా అన్ని వైపులా చూస్తుంది. అద్దం ఎక్కడున్నా, అందులో మూడు కాళ్ల స్టాండు, దాని మీద కెమెరా, సిగ్గులేకుండా నిలబడి ఉంటాయి. అయితే చిన్న అద్దమైతే ఒక ఉపాయం ఉంది. అద్దానికి సరిగ్గా ఎదురుగా కాకుండా, దాని వెడల్పు దాటి ఓ పక్కగా నిలబడితే కెమెరాకి తన మొహం తనకి కనిపించదు. సెలీనా ఆ ధైర్యంతో మొగిలికి ఫోన్ చేసి, "అద్దం ఎంత ఉంటుంది సార్? సన్నదేగా?" అని అడిగింది.

"సన్నది ఎందుకు మేడం? చిన్నది పెడితే వీళ్లు భయపడి పెట్టిన్రు అనుకుంటరు. గోడ మొత్తం పెడ్తే డిజైన్ అనుకుంటరు. కింది నుంచి మీద దాంక, ఈ కొస నుంచి ఆ కొసకు."

సెలీనా ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి దాని వంక చూసింది.

"మేడం? ఉన్నరా?"

"ఉన్నా సార్. ఎక్కడికి పోతాను."

గోడంత అద్దం. గదిలో ఏ మూల నిలబడ్డా ఎదురుగా అదే. పెళ్లిళ్లలో అయినా ఇంత అన్యాయం జరగదు. అక్కడ కనీసం రెండో కెమెరా ఎవరికీ కనిపించదు. ఆ సాయంత్రం ఆమె బుల్లి చేప కన్నుతో ఇంట్లో బీరువా అద్దం ముందు తీసి చూసింది. ఆ లెన్సు ఒక్కో ఫొటోలో సగం ప్రపంచాన్ని మింగుతుంది కాబట్టి స్టాండు నీడ ఒక ఫొటోలోనే కాకుండా రెండింట్లో పడింది. రెండు నీడలూ కలిసేచోటే కుట్టు. కంప్యూటర్లో ఒకదాన్ని తుడిస్తే ఇంకొకటి బయటపడుతుంది. తుడవగా తుడవగా బీరువా అద్దంలో మంచు పట్టినట్టు ఒక మచ్చ మిగిలింది. వెనకాల నుంచి సువార్తమ్మ చూసి, "అద్దం తుడిచి తియ్యకూడదా?" అంది. సెలీనా ఆ గది తలుపు వేసుకుంది.

మర్నాడు రాకేష్ దుకాణంలో ఆమె మొదటిసారి ఎవరి మాటా వినకుండా నిర్ణయించుకుంది. తొందరగా అయ్యేది వద్దు, గీతలు తిన్నగా ఉండేదీ వద్దు. స్టాండు నీడ ఒక్క ఫొటోలోనే పడాలి, దాని చుట్టుపక్కల కూడా అంచు స్పష్టంగా ఉండాలి. అంటే రెండో లెన్సు, ఫ్రేము నిండా పరిచేది. ఆరుసార్లు తిప్పాల్సి వచ్చినా, అద్దానికి ముఖాముఖి నిలబడేది ఒకేసారి. ఆ ఒక్క ఫొటోని రెండుసార్లు తీయాలి: ఒకటి మామూలుగా, రెండోది స్టాండుని ఓ బార పక్కకి జరిపి. రెండో దాంట్లో నీడ పక్కకి పోతుంది, ఖాళీ అయిన ముక్కని మొదటి దాని మీద అతికించాలి.

"మొదట్నుంచి ఇదే తీస్కుంటే అయిపోతుండె కదక్కా," అన్నాడు రాకేష్.

"మొదట్లో అద్దం లేదు."

"అద్దం ఎందుకొచ్చింది మరి?"

"ఫొటోలో మూల తెగిందని ఇంట్లో పెట్టారు."

రాకేష్ బిల్లు రాయడం ఆపి ఆమె వంక చూశాడు. మళ్లీ రాసుకున్నాడు.

అద్దం బిగించిన మోడల్ ఫ్లాట్ నిజంగానే రెండింతలు కనిపించింది. అది ఒప్పుకోవడం సెలీనాకి కష్టమైంది. కెమెరాకి రిమోట్ తగిలించి, తను బాత్రూములో దాక్కుని, తలుపు సందులోంచి నొక్కింది. బయటికొచ్చి తిప్పి, మళ్లీ లోపలికి పోయి నొక్కింది. ఏ.సి. బిగించడానికి వచ్చిన ఐలయ్య అనే పెద్దాయన గడపలో నిలబడి ఇదంతా చూసి, "కడుపుల ఏమన్న తేడా ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. లేదు తాతా, అద్దంలో పడకుండా దాక్కుంటున్నా అంటే, "గట్లనా" అని తనూ పక్కకి జరిగి గోడకి అతుక్కుని నిలబడ్డాడు. ఆమె పడ్డ పాట్లని ఆ వారంలో అర్థం చేసుకున్నది ఆయనొక్కడే.

నీడ తీసేయడానికి ఒక పూటంతా పట్టింది. కోతని బాల్కనీ తలుపు మధ్యలో పెట్టింది. ఫొటో రెండు చివర్లా ఆకాశం, అంతే. మొగిలి ఈసారి కూడా లింకు పంపలేదు, పట్టీయే పంపాడు. సిద్ధాంతి నుంచి ఎర్ర సున్నా రాలేదు. పైకెత్తిన బొటనవేలు గుర్తు ఒకటి వచ్చింది. రవికిరణ్ ఆ టవర్లోనే ఫ్లాటు బుక్ చేసి, అద్దం ముందు నిలబడి ఫొటో దిగి, గ్రూపులో పెట్టాడు. అతని ముఖం నిండా గొప్ప గండం గడిచిన సంతోషం.

సెలీనా లెన్సు తిరిగి ఇవ్వడానికి రాకేష్ దగ్గర ఉండగా మొగిలి ఫోన్ చేశాడు.

"మొత్తం మీకే మేడం. మూడు టవర్లు, క్లబ్ హౌసు, అన్ని. మా సారుకు మస్తు నచ్చింది."

ఆమె కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి ఒక పని, పైన ఇంకో కెమెరా లేని పని. థాంక్యూ సార్ అనబోయింది.

"ఇంకొక ముచ్చట," అన్నాడు మొగిలి. "అద్దం సూపర్ హిట్ అయింది. అందరు గదే అడుగుతున్నరు. ఉత్తరం గోడకు అద్దం అని బ్రోచర్ల గూడ ఏసినం. ఇగ ప్రతి ఫ్లాట్ల పెడ్తున్నం."

సెలీనా బల్ల మీద చెయ్యి ఆన్చుకుంది.

"ప్రతి ఫ్లాట్లోనా?"

"హాళ్లల్ల అన్నిట్ల."

"బెడ్రూముల్లో కూడా?"

"లేదు లేదు. మంచమున్న కాడ అద్దం పనికి రాదన్నడు సిద్ధాంతి సారు."

"దేవుడికి స్తోత్రం!" అంది సెలీనా. వాస్తు శాస్త్రానికి ఆమె చేసిన మొదటి ప్రార్థన అదే అయుండాలి.

ఫోన్ పెట్టేశాక బల్ల మీది లెన్సుని మళ్లీ తీసుకుని సంచీలో పెట్టుకుంది. "ఇది ఇక కిరాయికి వద్దు రాకేష్. కొనుక్కుంటా. పాతదే ఇచ్చెయ్, దీని అంచులు నాకు అలవాటయ్యాయి." రోడ్డు మీదికొచ్చి జాషువాకి ఫోన్ చేసి, మాఘం పెళ్లిళ్లకి వేరే మనిషిని చూసుకోమంది.

"పని వచ్చిందన్నమాట. మరి గొంతు ఏంటి అలా ఉంది?" అన్నాడు జాషువా. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏం అనలేదు బావా. మొత్తం నాకే ఇచ్చారు."

"మరి?"

"హాలు హాలుకీ గోడంత అద్దం పెడుతున్నారు బావా."

జాషువా కూడా ఫొటోగ్రాఫరే. "అయ్యో" అన్నాడు, నిజంగానే.